నాన్న కమాండర్ అమ్మి రాక్స్ కొనమంటారా?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది పాడేరు దగ్గర పల్లె. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. నాన్న దగ్గర 2001 నాటి మహీంద్రా కమాండర్ జీపు ఉంది. పసుపు బస్తాలు, కాఫీ మూటలు, సంత సామాను, ఒక్కోసారి జ్వరమొచ్చిన ఊరివాళ్లు... అన్నీ దాని మీదే. ఇప్పుడు పొగ ఎక్కువైంది, ఇంజిన్ ఆయిల్ తాగేస్తోంది. ఆర్‌సీ గడువు కూడా దగ్గరపడింది. దాన్ని అమ్మేసి, లోన్ పెట్టి మహీంద్రా వాళ్ల థార్ రాక్స్ కొని నాన్నకి ఇద్దామనుకున్నాను. 20 లక్షల వరకు పెట్టగలను. షోరూముకి తీసుకెళ్తే నాన్న బండి చుట్టూ తిరిగి, వెనక డోరు తీసి చూసి, "ఇందులో బస్తా ఎక్కడ వెయ్యాల్రా?" అని బయటికొచ్చేశారు. అప్పట్నుంచి ఆ మాట ఎత్తనివ్వట్లేదు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, జీపు ఎక్కలేకపోతోంది. ఊరికి చివరి 4 కిలోమీటర్లు మట్టి రోడ్డు, మధ్యలో ఒక గెడ్డ (వాగు). పనికొచ్చే జీపులన్నీ ఇలా ఖరీదైన కార్లయిపోతే మాలాంటివాళ్లు ఏం కొనాలి? నాన్నది మొండితనమా, నాదే తప్పా?

సమాధానం: తమ్ముడూ, మీ నాన్నగారిది మొండితనం కాదు. ఇన్నేళ్లు ఘాట్ మీద బండి నడిపినవాడు ఏ బండినైనా ముందు వెనక తలుపు తీసే చూస్తాడు. ఆ ప్రశ్నకి షోరూములో ఎవరి దగ్గరా జవాబు లేకపోవడం వాళ్ల తప్పూ కాదు. రాక్స్‌ని బస్తాల కోసం తయారుచెయ్యలేదు. నీ ఉద్దేశం మంచిదే. కాకపోతే నాన్నగారి బండికి బదులు అనుకుని నువ్వు వేరే పని చేసే బండి చూస్తున్నావు.

నేను నర్సీపట్నంలో పెరిగాను. మా మావయ్యకి మెకానిక్ షెడ్డుండేది. చింతపల్లి వైపు నుంచి దిగే సర్వీసు జీపులు చీకటి పడే వేళకి అక్కడ ఆగేవి. బానెట్ ఎత్తి రేడియేటర్లో నీళ్లు పోసేవాళ్లు, కింద దూరి గ్రీజు కొట్టేవాళ్లు. డీజిల్ లైన్లో గాలి పట్టిందంటే, ఫిల్టర్ మీద స్క్రూ కాస్త వదులు చేసి, చేతి పంపు కొట్టి, నురగంతా పోయి శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా ఆగి బిగించాలి. పది నిమిషాల పని. పన్నెండేళ్ల వయసులో ఆ పని నా చేత చేయించేవాడు మావయ్య. ఆ జీపుల్లో ఇంజిన్‌కి, మనిషికి మధ్య కంప్యూటర్ ఉండేది కాదు. సెల్ఫ్ పనిచెయ్యకపోతే దిగువకి తోసి గేరులో వేసేవాళ్లు.

ఇంకొకటి కమాన్లు, అంటే బండి బరువు మోసే స్ప్రింగు పట్టీలు. నాలుగు చక్రాలకీ కమాన్ పట్టీల కట్టలే. ఖాళీగా వెళ్తే కూర్చున్నవాడి నడుం విరిగేది. బస్తాలు పడేకొద్దీ మెత్తబడేది. లోడు ఎక్కువనిపిస్తే ఇంకో పట్టీ ఎక్కించేవాళ్లు. అంటే ఆ బండిని తయారుచేసినవాడు లోడునే లెక్కలోకి తీసుకున్నాడు, మనుషుల నడుములు తర్వాతే. ఇంతకీ మీ కమాండర్ ఫోర్ వీలో కాదో, అంటే ఇంజిన్ బలం నాలుగు చక్రాలకీ వెళ్తుందో లేదో నువ్వు రాయలేదు. చాలా కమాండర్లు వెనక చక్రాలతోనే నడిచేవి. మొదటి గేరు బలం, వెనక పడ్డ లోడు, డ్రైవరు చేతివాటం, ఈ మూడింటితోనే ఘాట్లన్నీ ఎక్కేశాయి. మీ గెడ్డ దాటడానికి ఏం కావాలో మాట్లాడేటప్పుడు ఇది గుర్తుపెట్టుకో.

పనికొచ్చే జీపులు ఎక్కడికి పోయాయని అడిగావు. నాకు అర్థమైనంతలో జీపు ఎక్కడికీ పోలేదు, రెండుగా చీలింది. లోడు మోసే సగం పికప్ అయింది. మనసుకి నచ్చే సగం, అంటే ఆ నిలువు గ్రిల్లు, గుండ్రటి లైట్లు, ఎత్తుగా కూర్చోవడం, ఇదంతా ఖరీదైన ఎస్‌యూవీలోకి వెళ్లింది. నాన్నగారు బతికింది మొదటి సగంతో. నువ్వు చిన్నప్పట్నుంచి చూసి మురిసింది రెండో సగాన్ని. మీ ఇద్దరి మధ్య తగాదా వచ్చింది ఇక్కడే.

ఇది మన దగ్గరే జరిగిన ముచ్చట కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం పుట్టిన విల్లీస్ జీపును మహీంద్రా వాళ్లు స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో మన దేశానికి తెచ్చి, ఇక్కడే బిగించడం మొదలుపెట్టారు. 1948లో ఇంగ్లండ్‌లో ల్యాండ్ రోవర్ వచ్చింది. యుద్ధం తర్వాత అక్కడ స్టీలు కొరత, అందుకని దాని ఒళ్లు అల్యూమినియం రేకుతో చేశారు. ఇంజిన్ నుంచి శక్తి తీసుకుని పొలం యంత్రాలు తిప్పుకునే ఏర్పాటు పెట్టారు. అది రైతు పనిముట్టు. 1970లో అదే కంపెనీ రేంజ్ రోవర్ తెచ్చింది. ఇప్పుడా పేరు వింటే కోట్ల ఖరీదు గుర్తొస్తుంది గానీ, ఆ మొదటి బండి లోపల వినైల్ సీట్లు, బురదైతే పైపుతో నీళ్లు కొట్టి కడిగేసుకునేలా చేశారు. ఆ తర్వాత ఒక్కో మోడల్‌కీ లోపల తోలు, చెక్క పెరుగుతూ వచ్చాయి. ఆ మొదటి ల్యాండ్ రోవర్‌కి వారసుడైన పాత డిఫెండర్ 2016 జనవరిలో సోలిహల్ ఫ్యాక్టరీ నుంచి చివరిసారి బయటికొచ్చింది. అప్పటికి ఆ కంపెనీ మన టాటాల చేతికి వచ్చి దాదాపు ఎనిమిదేళ్లయింది. కొత్త డిఫెండర్ 2019లో వచ్చింది. కింద నిచ్చెనలాంటి చాసీ (బండిని మోసే ఇనుప చట్రం) లేదు, కారులాగే ఒళ్లంతా ఒకే నిర్మాణం. నీళ్లల్లో, రాళ్లల్లో పాతదాని కంటే బాగానే వెళ్తుంది. కానీ ఒక మామూలు గొర్రెల రైతు దాన్ని కొనుక్కుని, వెనక గడ్డి మోపు వేసుకుని వెళ్లే ధర కాదు. అక్కడి రైతుల్లో చాలామంది ఈలోగా జపాన్ పికప్‌ల వైపు మళ్లారు. అక్కడా ఇదే చీలిక.

మన దగ్గర ఈ చీలిక ఎలా వచ్చిందో నేను కళ్లారా చూశాను. 2000లో మహీంద్రా బొలెరో వచ్చింది. టాపు గట్టిది, తలుపులు నిజమైన తలుపులు. ఊళ్లల్లో కాస్త ఉన్నవాళ్లు జీపు దిగి అందులోకి ఎక్కారు. 2002లో స్కార్పియో వచ్చి, జీపులు చేసే కంపెనీ పట్నంవాళ్లకీ బండి చెయ్యగలదని చూపించింది. 2000 డిసెంబరులో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనతో ఊళ్లకి తారు రోడ్లు పడ్డాయి. రోడ్డు పడ్డాక ఆటో వచ్చింది, 2005లో టాటా ఏస్ అనే చిన్న సరుకు బండి వచ్చింది, బొలెరో పికప్పులు వచ్చాయి. జీపు మీద పడే బస్తాలు వాటి మీదకి మారాయి, జీపెక్కే మనుషులు ఆటోలకీ తుఫాన్ అనే ప్యాసింజర్ బళ్లకీ మారారు. పని చేతిలోంచి జారిపోయాక జీపు కొనేది ఎవరు? సరదాకి కొనేవాడు. 2010లో థార్ వచ్చినప్పుడు ఇంకా వెనక కమాన్లే. ఏసీ లేకుండా, డీఐ అనే పాత తరహా డీజిల్ ఇంజిన్‌తో కూడా ఇచ్చారు. 2020 థార్‌కి వెనక కూడా కాయిల్ స్ప్రింగులు, ముందు టచ్ స్క్రీను. 2023 జనవరిలో ఫోర్ వీల్ లేని థార్ తెచ్చారు, 10 లక్షల లోపు నుంచి. జీపు రూపం ఉంటే చాలు, ఫోర్ వీల్ అక్కర్లేదనే జనం అంతమంది ఉన్నారని కంపెనీకి అప్పటికే తెలుసు. 2024 ఆగస్టు 15న అయిదు తలుపుల రాక్స్ వచ్చింది. ఖరీదైన వేరియంట్లలో పైకప్పు నిండా గాజు, చల్లగాలి వదిలే సీట్లు, లేన్ దాటితే హెచ్చరించే కెమెరాలు.

రూల్స్ కూడా మారాయి. 2019లో డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగ్, బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి అయ్యాయి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 అనే కొత్త పొగ రూల్స్. 1985లో వచ్చి, సైన్యానికీ అడవి శాఖలకీ సేవ చేసిన మారుతి జిప్సీని మామూలు జనానికి అమ్మడం సరిగ్గా ఈ రూల్స్ వచ్చే వేళకే ఆగిపోయింది. రేకు, టార్పాలిన్, అడ్డ సీట్లతో ఒక జీపు చేసి ఈరోజు ఎవరూ అమ్మలేరు.

అమ్మకూడదు కూడా. ఇది నేను గట్టిగా చెప్పాలి. పాత జీపు మీద ప్రేమతో చాలామంది ఒక విషయం దాటేస్తారు. 90ల్లో మా షెడ్డుకి ఒక జీపుని ట్రాక్టరుతో లాక్కొచ్చారు. మలుపులో పక్కకి ఒరిగి దొర్లింది. పైన ఉన్న ఇనుప కమ్మీలు అప్పడంలా వంగి సీట్ల మీదకి వచ్చేశాయి, టార్పాలిన్ ఆ కమ్మీలకి చుట్టుకుపోయింది. అందులో ఎంతమంది ఉన్నారని ఆ రాత్రి నేను అడగలేదు, మావయ్యా చెప్పలేదు. మర్నాడు ఆ బండి లోపల కడగడానికి ఆయన మమ్మల్నెవర్నీ దగ్గరికి రానివ్వలేదు. మీ కమాండర్‌లో వెనక అడ్డంగా కూర్చునేవాళ్లకి బెల్టు లేదు, ఏ రక్షణా లేదు. రాక్స్‌కి భారత్ ఎన్‌క్యాప్ అనే, బండిని గుద్దించి చూసే పరీక్షలో 5 స్టార్లు వచ్చాయి. "ఆ రోజుల్లో బళ్లు గట్టివి" అని ఎవరైనా అంటే, రేకు మందం వేరు, లోపలి మనిషి బతకడం వేరని చెప్పు.

కాబట్టి రాక్స్ చెడ్డ బండి అని నేననను. చాసీ ఇప్పటికీ నిచ్చెన చాసీయే. ఫోర్ వీల్ ఉన్నదైతే మీ గెడ్డలో కమాండర్ ఇబ్బంది పడే చోట ఇది సులువుగా దాటుతుంది. అయితే ఫోర్ వీల్ డీజిల్‌లోనే, అదీ మధ్య, పై వేరియంట్లలోనే ఉంటుంది. విడుదలప్పుడు రాక్స్ ధర 12.99 లక్షల నుంచి మొదలైతే, ఫోర్ వీల్ 18.79 లక్షల నుంచి. దాని మీద లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలిపితే నీ 20 లక్షలు దాటిపోతాయి. పేపర్లో కనిపించే మొదటి ధర చూసి బుక్ చేస్తే నీకొచ్చేది వెనక చక్రాల బండే.

ఇక మీ ఇంటి పనికి అది ఎక్కడ సరిపడదో చెప్తాను. రాక్స్ మొదట వచ్చినప్పుడు లోపల సీట్లన్నీ తెల్లటి రంగు. మరక పడుతుందని జనం మొత్తుకుంటే, రెండు నెలల లోపే ఫోర్ వీల్ వాటిలో గోధుమ రంగు కూడా ఇచ్చారు. తెల్ల సీటుకీ పసుపు బస్తాకీ ఎలా కుదురుతుంది? నాన్నగారు నోరు తెరిచి అనలేదేమో గానీ, ఆయన చూసింది అదే అయ్యుంటుంది. తన పని ఆ బండికి మరక అవుతుందని. రోజూ పనిచేసే మనిషికి ఆ భావన బాగోదు, తమ్ముడూ. కొడుకు పెట్టిన 20 లక్షలు పాడవుతాయన్న భయంతో ఆయన దాన్ని షెడ్డులో కప్పి ఉంచి, సంతకి ఆటో మాట్లాడుకుని వెళ్తారు.

రిపేరు సంగతి కూడా ఉంది. బీఎస్-6 డీజిల్ బళ్లల్లో పొగ గొట్టం దారిలో డీపీఎఫ్ అనే జల్లెడ ఉంటుంది. మసి అందులో పేరుకుంటుంది. బండి కాసేపు ఆగకుండా మంచి వేగంతో వెళ్తే ఆ వేడికి మసి కాలిపోతుంది. ఊరి నుంచి సంతకి, సంత నుంచి ఊరికి, రెండో గేరులో, మధ్యలో ఆపుకుంటూ తిరిగే బండికి ఆ అవకాశం తక్కువ. మా బంధువొకాయన కొత్త డీజిల్ బండి, కంపెనీ పేరు అనవసరం, ఇలాగే దీపం వెలిగి, బలం తగ్గిపోయి ఘాట్ మధ్యలో నిలబడిపోయింది. పక్కనే ఉన్న మెకానిక్ మంచి పనిమంతుడు, కానీ కంప్యూటర్ పెట్టి చూసే సరంజామా అతని దగ్గర లేదు. కింద పట్నం నుంచి లాగే బండి వచ్చేసరికి సాయంత్రమైంది. ఈ ఇబ్బంది ఏ కొత్త డీజిల్‌కైనా రావచ్చు. కాబట్టి ఏది కొన్నా, నాన్నగారు వారానికోసారి విశాఖ వైపు తారు రోడ్డు మీద అరగంట ఏకబిగిన నడిపేలా చూసుకో. మీటర్లో ఆ దీపం ఎలా ఉంటుందో డెలివరీ రోజే ఆయనకి చూపించమను.

అయితే ఏం కొనాలి? నేనైతే డబుల్ క్యాబిన్ పికప్, అంటే రెండు వరసల సీట్లూ వెనక సరుకు తొట్టీ ఉన్న బండి వైపు వెళ్తాను. బొలెరో క్యాంపర్ చూడు. ముందూ వెనకా కలిపి అయిదుగురు గట్టి టాపు కింద, తలుపుల మధ్య, ముందుకి తిరిగి కూర్చుంటారు. వెనక తొట్టిలో టన్ను లోడు పడుతుంది, పసుపు రాలినా పైపు పెట్టి కడిగేసుకోవచ్చు. పవర్ స్టీరింగు ఉంటుంది, ఏసీ ఉన్న వేరియంట్లూ ఉన్నాయి. ఖర్చు నీ బడ్జెట్‌లో సగానికి కాస్త అటూ ఇటూగా తేలుతుంది. ఫోర్ వీల్ క్యాంపర్ కూడా చేస్తారు గానీ అన్నిచోట్లా దొరకదు. డెలివరీ ఎప్పుడిస్తారో కాగితం మీద రాయించుకున్నాకే అడ్వాన్సు కట్టు. ఫోర్ వీల్ దొరక్కపోతే నిరుత్సాహపడకు. వెనక చక్రాల పికప్ ఖాళీగా ఉంటేనే బురదలో జారుతుంది. వానాకాలమంతా తొట్టిలో వెనక ఇరుసు మీదకి వచ్చేలా రెండు మూడు ఇసుక బస్తాలు పడేసి ఉంచితే పట్టు వస్తుంది. నాన్నగారికి ఈ కిటుకు నాకంటే బాగా తెలిసుంటుంది.

రెండు జాగ్రత్తలు. అది సరుకు బండి కింద రిజిస్టరవుతుంది. ట్యాక్సు, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ అన్నీ కారుకి ఉన్నట్టు ఉండవు. మీ ఆర్టీవో ఆఫీసులో ముందే కనుక్కో. రెండోది ఇంకా ముఖ్యం. ఒక్కోసారి ఊరివాళ్లూ ఎక్కుతారని రాశావు. తొట్టిలో మనుషుల్ని ఎక్కించడానికి వీల్లేదు. జీపుకి అలవాటుపడ్డ ఊరు కాబట్టి "రెండు అడుగులే కదా" అంటూ ఎక్కేస్తారు. ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ రాదు సరే, ఆ బాధ నాన్నగారు జన్మలో మోయలేరు. జ్వరమొచ్చినవాళ్లని వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకెళ్లొచ్చు, కమాండర్‌లో కంటే సుఖంగానే వెళ్తారు. మనుషుల కిరాయే పనిగా పెట్టుకుంటామంటే పర్మిట్‌తో తుఫాన్ లాంటిది చూసుకోవాలి, అది వేరే లెక్క.

మారుతి జిమ్నీ, ఫోర్స్ గూర్ఖా సంగతి కూడా అడుగుతావేమో. జిమ్నీ తేలికైనది, ఫోర్ వీల్ అన్నింటికీ ఉంది, బురదలో ముచ్చటగా వెళ్తుంది. కానీ పెట్రోల్ మాత్రమే, వెనక చోటు తక్కువ. గూర్ఖా పాత జీపుల బాటలోనే ఉన్న మొరటు బండి, ఒక చక్రం జారినా రెండో చక్రం తిరిగేలా చేసే డిఫరెన్షియల్ లాకులు ముందూ వెనకా ఉంటాయి. కానీ సర్వీసు ఎంత దూరంలో ఉందో చూసుకోవాలి. రెండింటిలోనూ బస్తా ప్రశ్న తీరదు.

కమాండర్‌ని తొందరపడి పాత ఇనుముకి ఇచ్చెయ్యకు. పొగ రంగు చూడు. నీలంగా ఉండి ఆయిల్ తగ్గుతుంటే రింగులు, లైనర్లు అరిగాయి, ఇంజిన్ విప్పాల్సిందే. నల్లగా ఉంటే డీజిల్ చిమ్మే నాజిల్స్, పంపు చూపించు, తక్కువలో పోతుంది. ఆ ఖర్చు పెట్టేముందు బండి కిందకి దూరి, చిన్న సుత్తితో చాసీ పొడవునా కొట్టుకుంటూ వెళ్లు. వెనక కమాన్ బ్రాకెట్ల దగ్గర, మూలల్లో ఇంకాస్త జాగ్రత్తగా. ఖంగుమంటే ఇనుము బతికే ఉంది. బొదబొదమని మోగి, తుప్పు పెచ్చులు రాలితే ఇంజిన్ మీద రూపాయి కూడా పెట్టకు. చాసీ బాగుంటే ఆర్‌సీ రెన్యువల్ గురించి ఆలోచించొచ్చు గానీ, 20 ఏళ్లు దాటిన బళ్లకి ఆ ఫీజు 2025లో బాగా పెంచారు, ఫిట్‌నెస్ కూడా పాసవ్వాలి. ఆయన ఇష్టం మీద ఉంచుకోవాలంటే ఉంచుకోండి. ఆర్‌సీ లేకుండా రోడ్డెక్కించొద్దు, అంతే.

నీ రాక్స్ కోరిక తప్పని నేననను. అది నీ కోరిక. నీ డబ్బుతో, నీ పేరున, హైదరాబాద్‌లో నీ కోసం కొనుక్కుని పండక్కి ఊరికి తోలుకెళ్తే అందరికంటే సంతోషించేది నాన్నగారే. ఆ గాజు కప్పులోంచి అమ్మకి కొండలు చూపించు.

ఇప్పుడు చెయ్యాల్సిన పని ఒకటుంది. ఈసారి షోరూముకి వెళ్లేటప్పుడు అమ్మనీ తీసుకెళ్లు. క్యాంపర్ వెనక సీటు ఎత్తు ఆమె మోకాలికి ఎంతవరకు వస్తుందో చూడు, పక్కన అడుగు పెట్టడానికి మెట్టు, లోపల పట్టుకోవడానికి పిడి ఉన్నాయో లేదో చూడు. లేకపోతే బయట పెట్టించుకోవచ్చు, పెద్ద ఖర్చు కాదు. టెస్ట్ డ్రైవ్ షోరూము ముందు రోడ్డు మీద వద్దు, ఘాట్ మీదకి కావాలని అడుగు. బేరం తెగేలా ఉంటే ఒప్పుకుంటారు. రెండు బస్తాలు తొట్టిలో వెయ్యి. స్టీరింగు నాన్నగారికి ఇచ్చి నువ్వు పక్క సీట్లో కూర్చో. ఆయన ఏ గేరులో మలుపు తీసుకున్నారో, ఎక్కడ మొహం చిట్లించారో గమనించు. దిగాక అమ్మ ఏమందో, నాన్న ఏమన్నారో, ఆ రెండూ నాకు రాయి. కమాండర్ చాసీ మోత ఎలా వచ్చిందో కూడా.